కార్తీక వనభోజనాల్లో హౌసీ: ఆలస్యంగా చెప్పిన హౌసీని ఒప్పుకోవాలా?

ప్రశ్న — కౌశిక తీరం

మాది అమలాపురానికి దగ్గరలోని ఒక ఊరు. మా వీధివాళ్లమూ, పక్క వీధిలోని బంధువులమూ కలిసి సుమారు డెబ్భై మందిమి, ఏటా కార్తీకమాసంలో ఒక ఆదివారం మా బాబాయిగారి కొబ్బరితోటలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు చేసుకుంటాం. భోజనాలయ్యాక హౌసీ ఆడించే బాధ్యత నాలుగేళ్లుగా నాది. సంచిలోంచి తీసి పిలిచిన నంబర్లను టికెట్టు మీద కొట్టుకుంటూ, 15 నంబర్లూ నిండినవారు హౌసీ అని అరిచే ఆట ఇది. ఇంతకాలం ఎవరూ నియమాలు అడగలేదు, నేనూ చెప్పలేదు. కిందటి ఏడాది జరిగిన ఒక సంఘటన తర్వాత ఇలా ఆడించడం సరికాదని నాకు అర్థమైంది.

ఆట చివరికి వచ్చినప్పుడు నేను వరుసగా 46, 7, 81 పిలిచాను. 81 పిలవగానే మా ఎదురింటి అమ్మాయి హౌసీ అంది. అదే క్షణంలో వెనుకనుంచి మా పెద్ద పిన్నిగారు కూడా లేచి హౌసీ అన్నారు. ఇద్దరి టికెట్లూ చూశాను. రెండింటిలోనూ 15 నంబర్లూ సరిగ్గానే ఉన్నాయి. కానీ పిన్నిగారి టికెట్టు 46తోనే నిండిపోయింది. ఆవిడ గాడిపొయ్యి దగ్గర కూర్చున్నారు. అక్కడ గుండిగలు కడుగుతున్న చప్పుడులో 46 ఆవిడకు వినబడలేదు. రెండు నంబర్ల తర్వాత పక్కనున్నవారి టికెట్టులో 46 కొట్టి ఉండడం చూసి తెలుసుకున్నారు. ఎవరో "గడిచిపోయిన నంబరుకు హౌసీ లేదు" అన్నారు. నేను కూడా అదే నిజమనుకుని బహుమతి ఆ అమ్మాయికి ఇచ్చేశాను. పిన్నిగారు ఒక్క మాట కూడా అనలేదు. టికెట్టు మడిచి చేతిసంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత సంక్రాంతికి కూడా మా ఇంటికి రాలేదు. ఆవిడ నన్ను చిన్నప్పటినుంచి ఎత్తుకుని పెంచిన మనిషి. బహుమతి ఒక స్టీలు క్యాను మాత్రమే. అయినా మనసులో ముల్లు అలాగే ఉంది.

ఈ సంవత్సరం ముందుగానే నియమాలు రాసి అందరికీ చదివి వినిపించాలనుకుంటున్నాను. ఆలస్యంగా చెప్పిన హౌసీని ఒప్పుకోవాలా, వద్దా? ఒకే నంబరుకు ఇద్దరు ముగ్గురు హౌసీ అంటే ఏం చేయాలి? తప్పు హౌసీ చెప్పిన టికెట్టును తీసేయవచ్చా? ఇంగ్లండులో ఉంటున్న మా అమ్మాయి, అక్కడ ఈ ఆట కోసమే ప్రత్యేకంగా బింగో హాళ్లు ఉంటాయని, అక్కడ క్రమశిక్షణ చాలా ఎక్కువని చెబుతుంది. ఆ హాళ్లలో ఆడినవారు గాని, మన పట్టణ క్లబ్బుల్లో ఆడించినవారు గాని ఉంటే దయచేసి వివరంగా చెప్పగలరు.


జవాబు — వశిష్ఠ గట్టు

అమ్మా, నేను నరసాపురం వైపువాణ్ణి. ఒక పట్టణ క్లబ్బులో ఇరవై ఏళ్లకు పైగా శనివారం సాయంత్రాలు హౌసీ ఆడించాను. మీరు అడిగిన మూడు ప్రశ్నల్లో మొదటిదే అసలైనది కాబట్టి ముందు దాని గురించి చెబుతాను.

క్లబ్బుల్లో పాటించే నియమం మీకు ఎవరో చెప్పినట్టే ఉంటుంది. ఏ నంబరుతో టికెట్టు నిండిందో ఆ నంబరు పిలిచాక, తర్వాతి నంబరు పిలవడం మొదలుపెట్టేలోపే హౌసీ అనాలి. తర్వాతి నంబరు నోటినుంచి వెలువడితే, ముందు నంబరు మీద హక్కు పోయినట్టే. కొన్ని క్లబ్బులు దీనికి చిన్న సడలింపు ఇస్తాయి. ఆలస్యమైనా ఆ బహుమతి అప్పటికింకా ఎవరికీ వెళ్లకపోతే, ఒప్పుకుని ఇచ్చేస్తాయి. రెండు పద్ధతులూ న్యాయమైనవే. కాకపోతే ఏ పద్ధతి అన్నది మొదటి నంబరు తీయకముందే చెప్పాలి. మీ దగ్గర జరిగిన పొరపాటు ఇదే. ఆ నియమం ఆట మధ్యలో, ఎవరో ఒకరి నోటినుంచి, అదీ మీ పిన్నిగారు నిలబడి ఉండగా పుట్టింది. అలా పుట్టిన నియమం ఎంత సరైనదైనా, ఎదుటివారికి అది తనకోసమే చేసినట్టు అనిపిస్తుంది. ఆవిడ నొచ్చుకున్నది స్టీలు క్యాను కోసం కాదని మీకూ తెలుసు.

ఇక తప్పు హౌసీ. దీన్ని మేము బోగీ అంటాం. పిలవని నంబరును కొట్టుకుని హౌసీ అన్నవారి టికెట్టు ఆ ఆటకు రద్దవుతుంది. లైను, అంటే ఒక వరుస నిండిందని తప్పు చెప్పినా మొత్తం టికెట్టే పోతుందా, లేక ఆ లైను మాత్రమే పోతుందా అన్నది మీ ఇష్టం. మా క్లబ్బులో మొత్తం టికెట్టు తీసేసేవాళ్లం. కానీ కుటుంబాల మధ్య ఆడేటప్పుడు అంత కఠినంగా ఉండకపోవడం మంచిదని నా అభిప్రాయం. సరదాకు హౌసీ అని అరిచి నవ్వే కుర్రవాళ్ల విషయంలో మాత్రం మొహమాటపడకండి. ఆ ఒక్క అరుపుతో ఆట ఆగుతుంది, నిజంగా హౌసీ అన్నవారి గొంతు వినపడకుండా పోతుంది.

నంబర్లు పిలిచేవారు ఆ ఆటలో టికెట్టు కొనకూడదు. ఇది చాలామంది పట్టించుకోని విషయం. మీరు ఎంత నిజాయతీగా ఉన్నా, సంచిలో చేయి పెట్టేవారికీ, టికెట్లు సరిచూసేవారికీ సొంత టికెట్టు ఉంటే ఎవరికో ఒకరికి అనుమానం వస్తుంది. సరిచూడడం కూడా మౌనంగా చేయకండి. హౌసీ అన్నవారి టికెట్టు మూడో మనిషి చేతికిచ్చి, నంబర్లను గట్టిగా చదివించి, ఒక్కొక్కటి పిలిచారో లేదో మీ బోర్డు మీద అందరికీ కనిపించేలా చూపించండి. అది పూర్తయ్యేవరకు పిలిచిన నంబర్లను తిరిగి సంచిలో వేయకండి. ఆట అయిపోయిందనుకుని సంచి కలిపేసిన తర్వాత తగాదా వస్తే తీర్చడానికి ఆధారం ఉండదు. నేను ఒకసారి ఆ పని చేసి అర్ధరాత్రి వరకు క్షమాపణలు చెప్పుకున్నాను.


జవాబు — తణుకు నుంచి లెస్టర్

మాది తణుకు. పదకొండేళ్లుగా ఇంగ్లండులో ఉంటున్నాను. ఇక్కడ నాతో పనిచేసే పెద్దావిడ ఒకరు మొదటిసారి నన్ను బింగో హాలుకు తీసుకెళ్లారు. ఇప్పుడు నెలకోసారైనా వెళుతుంటాను.

ఈ దేశంలో 1960లో వచ్చిన చట్టం తర్వాత డబ్బు పెట్టి ఆడే బింగోకు దారి ఏర్పడి, హాళ్లు ఊరూరా వెలిశాయి. వాటిలో చాలా వరకు అంతకుముందు సినిమా హాళ్లు. ఇప్పటి నియమాలకు ఆధారం 2005 నాటి జూద చట్టం. హాలులో ఆడాలంటే 18 ఏళ్లు నిండి ఉండాలి. ఇక్కడి టికెట్టు మన హౌసీ టికెట్టే: మూడు అడ్డవరుసలు, తొమ్మిది నిలువువరుసలు, అడ్డవరుసకు అయిదు చొప్పున 15 నంబర్లు, 1 నుంచి 90 వరకు. ఆరు టికెట్లు కలిసి ఒక పట్టీగా వస్తాయి. ఆ ఆరింటిలో కలిపి 90 నంబర్లూ ఒక్కొక్కసారి ఉంటాయి కాబట్టి, పట్టీ కొన్నవారు పిలిచిన ప్రతి నంబరునూ ఎక్కడో ఒకచోట కొట్టాల్సిందే. అమెరికాలో ఆడేది వేరు. అక్కడ 75 నంబర్లు, అయిదు అడ్డవరుసలు, అయిదు నిలువువరుసలు, మధ్య గడి ఖాళీ. ఫోనుల్లో దొరికే ఆటలు చాలావరకు ఆ పద్ధతివి కాబట్టి మీ ఊళ్లో పిల్లలు ఆ నియమాలు చెబితే అయోమయపడకండి.

బహుమతులు ఇక్కడ మూడు దశలు: ఏదో ఒక లైను, తర్వాత ఏవైనా రెండు లైన్లు, ఆ తర్వాత పూర్తి హౌసు. మనకున్న జల్దీ ఫైవ్ (అందరికంటే ముందు అయిదు నంబర్లు కొట్టడం), టాప్ లైన్ (పై వరుస), నాలుగు మూలలు వంటివి మామూలు ఆటలో ఉండవు.

హాలులో నన్ను మొదట ఆశ్చర్యపరిచింది నిశ్శబ్దం. కొన్ని వందల మంది ఉన్నా, పిలవడం మొదలైతే సిరా పెన్నులు కాగితం మీద తాకే చప్పుడు తప్ప మరేదీ వినిపించదు. పక్కవారితో మాట్లాడడం, ఫోను మోగడం, పిలుస్తుండగా కుర్చీ లాగడం పెద్ద తప్పుల కింద లెక్క. మాట్లాడాలంటే విరామం ఉంటుంది. మొదటి రోజు నేను ఖాళీగా కనిపించిన ఒక కుర్చీలో కూర్చోబోతే, నన్ను తీసుకెళ్లిన ఆవిడ చేయి పట్టుకుని ఆపారు. అది ఏళ్ల తరబడి ఒకరు కూర్చునే స్థానమట. రాసిపెట్టిన నియమం కాదు గాని, అచ్చొచ్చిన కుర్చీ మీద ఇక్కడివారికి ఉన్న పట్టింపు మన పెద్దవాళ్ల పట్టింపుకు ఏమాత్రం తీసిపోదు. కొత్తవారు కూర్చునే ముందు అడగడం మర్యాద.

హౌసు అన్నది గట్టిగా అనాలి, తర్వాతి నంబరు మొదలుకాకముందే అనాలి. సిగ్గుపడి చిన్నగా అంటే ఎవరూ జాలిపడరు. కేక వినగానే పిలిచేవారు ఆగుతారు. హాలు సిబ్బంది ఆ టికెట్టు దగ్గరకు వెళ్లి దాని మీది టికెట్టు సంఖ్యను చదువుతారు. అది సరిపోతే ఇంకెవరైనా ఉన్నారా అని అడిగి, ఉంటే బహుమతిని సమానంగా పంచుతారు. గెలిచినవారిని చూసి గొణగడం, పిలిచినవారిని నిందించడం ఇక్కడ చాలా చిన్నతనంగా చూస్తారు. పిలిచే మనిషి చేతిలో ఏమీ లేదని అందరికీ తెలుసు.

ఒక్క విషయంలో మాత్రం ఇక్కడి అలవాటును తీసుకోవద్దని మనవి. నంబర్లకు ఇక్కడ పాతకాలపు ముద్దుపేర్లు ఉన్నాయి. 11కు కాళ్లతో పోలిక, 88కు లావుపాటి ఇద్దరు ఆడవాళ్లతో పోలిక. తోటలో కూర్చున్న మన అత్తయ్యలను, వదినలను నొప్పించే ఆ మాటలు మనకు అక్కర్లేదు.


జవాబు — గౌతమి ఒడ్డు లెక్కల టీచరు

నేను ముమ్మిడివరం దగ్గర ఒక పాఠశాలలో లెక్కలు చెబుతాను. పైన ఇద్దరూ హక్కు ఎప్పుడు పోతుందో చెప్పారు. నేను మాత్రం అక్కయ్యగారి పిన్నిగారి వైపు నిలబడతాను. ఆవిడకు నంబరు వినబడలేదు. అది ఆవిడ అజాగ్రత్త కాదు, ఏర్పాటులోని లోపం. ఇంగ్లండు హాలులో మైకులు, తెరలు, నిశ్శబ్దం ఉంటాయి. అవన్నీ సమకూర్చిన తర్వాత ఆలస్యానికి హక్కు లేదనడం న్యాయం. గాడిపొయ్యి పక్కన, కొబ్బరాకుల గాలిలో, ఒక్క గొంతుతో పిలిచి అదే నియమం పెట్టడం న్యాయం కాదు. ముందు అందరికీ వినిపించేలా చేసి, ఆ తర్వాత నియమం పెట్టండి.

మన తెలుగు సంఖ్యల్లోనే ఒక ఇబ్బంది ఉంది. ఇరవై, అరవై అన్నవి దూరంనుంచి వింటే ఒక్కలాగే ఉంటాయి. డెబ్భై, ఎనభై, తొంభై కూడా అంతే. మొదటి అక్షరాలు గాలికి పోతే చివర మిగిలేది ఒకటే శబ్దం. ఇంగ్లీషులో పిలిచినా థర్టీన్, థర్టీల మధ్య, ఫిఫ్టీన్, ఫిఫ్టీల మధ్య అదే చిక్కు. అందుకని అంకెలు విడదీసి, తర్వాత సంఖ్య చెప్పండి: "రెండు, ఆరు, ఇరవై ఆరు", "ఆరు, ఆరు, అరవై ఆరు". ఒంటి అంకె అయితే "ఒంటి ఏడు" అనండి. ప్రతి నంబరూ రెండుసార్లు చెప్పి, చెప్పగానే పెద్ద అట్టమీద రాయించండి. చెవి సరిగా లేనివారికి అట్టే ఆధారం.

ఇంగ్లండు ముద్దుపేర్లను వద్దన్నారు కదా, మన పేర్లు మనకు ఉన్నాయి. మా పాఠశాలలో పిల్లలతో ఆడించేటప్పుడు నేను ముక్కంటి మూడు, పాండవులు అయిదు, ఏడుకొండలు ఏడు, నవగ్రహాలు తొమ్మిది, భారత పర్వాలు పద్దెనిమిది, గాయత్రి ఇరవై నాలుగు, నక్షత్రాలు ఇరవై ఏడు, షష్టిపూర్తి అరవై, కళలు అరవై నాలుగు అని పిలుస్తాను. జాతీయ రహదారి నంబరు కాబట్టి రావులపాలెం రోడ్డు అంటే పదహారు. ఇవి వేడుకకే కాదు, పొరపాటు వినికిడికి విరుగుడు కూడా. నక్షత్రాలు అన్న మాట విన్నవారు ఎవరూ దాన్ని అరవై ఏడు అనుకోరు. 90 నంబర్లకూ పేర్లు వెతకనక్కర్లేదు. తికమకపడే వాటికి ఉంటే చాలు.

ఒక చిన్న లెక్క కూడా చెబుతాను, ఎందుకంటే ఆట ఏ దశలో జాగ్రత్తగా ఉండాలో అది చెబుతుంది. ఒకే ఒక టికెట్టు పూర్తిగా నిండాలంటే సగటున 85 నంబర్లు పిలవాలి. కానీ డెబ్భై టికెట్లు ఆటలో ఉంటే, 70వ నంబరు పిలిచేసరికి సగటున ఒక టికెట్టు నిండి ఉంటుంది. కాబట్టి 60 దాటినప్పటినుంచి వేగం తగ్గించండి. ప్రతి నంబరుకూ మధ్య పది లెక్కపెట్టేంత వ్యవధి ఇవ్వండి. ఆ సమయంలో కాఫీలు పంచడం, పిల్లల్ని పిలవడం ఆపించండి.

నియమం విషయంలో నా సలహా ఇది: వనభోజనాల్లో, టికెట్టు నిజంగా నిండి ఉంటే, బహుమతి ఇంకొకరి చేతికి వెళ్లనంతవరకు ఆలస్యమైనా ఒప్పుకోండి. ఇద్దరికీ ఇవ్వండి.


జవాబు — వశిష్ఠ గట్టు

టీచరుగారు వినిపించడం గురించి చెప్పినదంతా నేను ఒప్పుకుంటున్నాను. విడదీసి చెప్పే పద్ధతిని మేము కూడా పాటించేవాళ్లం. చివరి సలహా దగ్గర మాత్రం ఒక అభ్యంతరం. మీరు చెప్పినట్టయితే ఎదురింటి అమ్మాయి సంగతి ఏమిటి? ఆ అమ్మాయి శ్రద్ధగా విని, సమయానికి చెప్పింది. రెండు నంబర్ల ఆలస్యాన్ని ఒప్పుకుంటే, ఆ అమ్మాయి బహుమతిలో సగం పోతుంది. రేపు అయిదు నంబర్ల ఆలస్యంతో వచ్చినవారికీ అదే ఇవ్వాలి. పెద్దవారి మీద గౌరవం ఆటలో చిన్నవారి ఖర్చుతో చూపించకూడదని నా నమ్మకం. సరిగ్గా వినిపించే ఏర్పాటు చేసి, వ్యవధి ఇచ్చి, ఆ తర్వాత నియమాన్ని అందరికీ ఒకేలా పెట్టండి. ఒకవేళ ఒప్పుకునే పద్ధతే మీ ఊరికి నచ్చితే, ఎన్ని నంబర్ల వరకు అన్న హద్దు చెప్పండి. ఒక్క నంబరు ఆలస్యం వరకు అంటే నేను కూడా కాదనను.

వినికిడి తగ్గినవారు, చూపు ఆననివారు ఉంటే వారి పక్కన పదో తరగతి పిల్లనో, పిల్లవాడినో కూర్చోబెట్టండి. ఆ పిల్లలకు ఆ ఆటలో సొంత టికెట్టు ఉండకూడదు. పెద్దవారి టికెట్టు చూడడమే వారి పని. మా క్లబ్బులో ఇలా చేశాక ఆలస్యపు తగాదాలు దాదాపు పోయాయి.


జవాబు — కాకినాడ న్యాయవాది

నియమాల గురించి నేను చెప్పేది ఏమీ లేదు. డబ్బు గురించి రెండు మాటలు. రమ్మీ కేవలం అదృష్టం మీద ఆధారపడిన ఆట కాదని, అందులో నైపుణ్యం ఉందని సుప్రీంకోర్టు 1968లో మన రాష్ట్రానికి చెందిన కేసులోనే చెప్పింది. ఆ మాట హౌసీకి సాయపడదు, ఎందుకంటే హౌసీలో ఆడేవారు ఎంచుకునేది ఏదీ లేదు, అంతా సంచిలో చేతికి వచ్చిన నంబరే. జూదాన్ని అరికట్టే 1974 నాటి గేమింగ్ చట్టం ఆంధ్రప్రదేశ్‌లో అమలులో ఉంది. అందుకని టికెట్టుకు డబ్బు వసూలు చేసి నగదు పంచే పద్ధతికి బదులు, వనభోజనాల ఉమ్మడి ఖర్చులోంచే వస్తువులు కొని, టికెట్లు అందరికీ ఉచితంగా ఇవ్వండి. పిల్లలు కూర్చునే చోట అదే మర్యాద కూడా. హైదరాబాదులో ఉన్న బంధువులను వాట్సాప్‌లో చేర్చి, ఫోను ద్వారా డబ్బు పంపించుకుని ఆడించాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే మానిపించండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది.

బహుమతిగా పంచుకోవడానికి వీలున్నవి కొనండి. ముగ్గురు ఒకే నంబరుకు హౌసీ అంటే స్టీలు క్యానును మూడు ముక్కలు చేయలేరు. ఆత్రేయపురం పూతరేకుల పెట్టెలు, కాకినాడ కాజాల డబ్బాలు అయితే లెక్కపెట్టి పంచవచ్చు. ఉప్పాడ చీర వంటి పెద్ద బహుమతి పెడితే, ఇద్దరు వచ్చినప్పుడు చీటీ తీస్తామని ముందే చెప్పండి.


మళ్లీ — కౌశిక తీరం

అందరికీ నమస్కారాలు. ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు. మీ సలహాలను ముందు పెట్టుకుని మా వీధివాళ్లం ఆరుగురం కూర్చుని మాట్లాడుకున్నాం. ఒక్క నంబరు ఆలస్యం వరకు ఒప్పుకోవాలని, రెండో నంబరు పిలిస్తే హక్కు లేదని, ఒకే నంబరుకు ఎంతమంది వచ్చినా సమానంగా పంచాలని, లైనుకు బోగీ చెబితే ఆ లైను మాత్రమే పోతుందని, హౌసీకి బోగీ చెబితే టికెట్టు పోతుందని రాసుకున్నాం. ఈసారి టికెట్లకు డబ్బు లేదు. పూతరేకులకు ఇప్పుడే చెప్పి ఉంచాం. అట్ట మీద 1 నుంచి 90 వరకు గళ్లు గీయడం మా మేనల్లుడు మొదలుపెట్టాడు.

నిన్న సాయంత్రం పిన్నిగారి ఇంటికి వెళ్లాను. ఈ నియమాల కాగితం ఆవిడకు చదివి వినిపించి, కిందటిసారి ఇవి ముందే చెప్పకపోవడం నా తప్పని చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కాగితం తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని మళ్లీ మొదటినుంచి చదివారు. ఈసారి సంచిలోంచి నంబర్లు మీరు తీయండి, నేను పిలుస్తాను అని అడిగాను. తీసేవారు టికెట్టు పుచ్చుకోకూడదని ఇందులో రాసి ఉంది కదా అన్నారు. అవునన్నాను. సరే అయితే, గాడిపొయ్యి తోటకు ఆ చివర తవ్వించండి, ఇక్కడ వద్దు అన్నారు. వంటవాళ్లకు ఈ ఉదయమే చెప్పాను.